ముందు చక్రం గూడు

విమానం బొమ్మ పెట్టె విప్పగానే అక్క చేసిన మొదటి పని దాని ముక్కు కోసెయ్యడం.

కిటికీల వరస మొదలయ్యే చోట చుట్టూ గీత గీసుకుని, సన్న రంపం పెట్టి, ఊపిరి బిగబట్టి కోసింది. తెల్లటి పొడి బల్ల మీద పిండిలా రాలింది. పక్కన నిలబడ్డ తమ్ముడు తన వేలే కోస్తున్నట్టు మొహం పెట్టాడు.

"మొత్తం ఉంచితే బాగుండేదేమో అక్కా."

"రెక్కలూ తోకా చూపించి ఏం చేస్తావురా? పెళ్ళిచూపులా? విచారణలో వాళ్ళడిగేది ముందు చక్రం గూడు గురించి. ఆ గూడొక్కటీ ఉన్నదున్నట్టు ఉంటే చాలు."

అసలు విమానంలో ఇరవై నాలుగో వంతు బొమ్మ అది. పదిమంది ఎక్కే చిన్న జెట్టు, తమ్ముడు పనిచేసే షెడ్డుకి రిపేర్లకొచ్చే రకం. పైనుంచి చూస్తే ముచ్చటగానే ఉంది. తిరగేస్తే మాత్రం, చక్రం లోపలికి ముడుచుకునే చోట ఉత్త డబ్బా. నాలుగు గోడలూ ఒక కప్పూ. బొమ్మ తయారుచేసినవాడికి అక్కడేమున్నా లేకపోయినా ఒకటే. విమానం కింద దూరి చూసేదెవరు?

తమ్ముడి బతుకంతా ఆ డబ్బాలోనే ఇరుక్కుని ఉంది.

అసలు విమానంలో అలాంటి గూట్లోకి ఎక్కిన మెకానిక్కు మళ్ళీ ప్రాణంతో దిగలేదు. షెడ్డులో అతన్ని బుడ్డోడనేవాళ్ళు. పొట్టి మనిషి, సన్నగా ఉండేవాడు. ఎక్కడ ఇరుకు పనున్నా "బుడ్డోడేడిరా" అని కేకేసేవాళ్ళు. నేల మీద ఉన్నప్పుడు చక్రం కాలు మడతపడకుండా ఒక లాక్ పిన్ను గుచ్చి ఉంచాలి. ఆ పూట పిన్ను లేదు. పైన విమానం లోపల ఎవరో వేరే పని మీద, కాలు ముడిచే పైపుల్లోకి ఆయిల్ ప్రెషర్ ఇచ్చారు. కాలు మడతపడింది, ముక్కు కిందికొచ్చేసింది. పిన్ను ఉందో లేదో చూసి "ఎక్కు" అని చెప్పాల్సినవాడు తమ్ముడు. ఎక్కమనే చెప్పాడు.

"నేను నిలబడ్డ చోట్నుంచి కనబడదక్కా," అంటాడు. ఈ ముక్క ఎన్నిసార్లన్నాడో లెక్కలేదు. "పిన్ను దూరే కన్నం పైపుల వెనకాల ఉంటుంది. నిచ్చెనేసుకుని తల లోపల పెడితేనే తెలిసేది. నిచ్చెనేమో పక్క విమానానికి పట్టుకుపోయారు. పిన్నుకి ఎర్ర రిబ్బన్ను వేలాడాలి, అదుంటే గుడ్డివాడికైనా కనబడుతుంది. అది ఊడిపోయి ఏడాదైంది. కొత్తది ఇవ్వమంటే ఇదిగో అదిగో అన్నారు. దిగిపోయే షిఫ్టువాడు 'పెట్టాన్లే' అన్నాడు."

కంపెనీవాళ్ళు రిబ్బన్ను మాట ఎత్తరు, నిచ్చెన మాట ఎత్తరు. ఇతను చూడలేదు, ఎక్కేముందు అతనూ చూసుకోలేదు అంటున్నారు. పోయినవాడి మీద సగం, బతికున్నవాడి మీద సగం రుద్దేస్తే ఇక వాళ్ళు చేతులు దులుపుకోవచ్చు.

అందుకే ఈ బొమ్మ. అక్క చేసే పనే బొమ్మల పని. అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్ళ ఆఫీసుల్లో అద్దాల పెట్టెలో పెట్టే బొమ్మ ఇళ్ళు, బొమ్మ చెట్లు, బొమ్మ కార్లు. ఇంటి ముందు గదికి షట్టర్ పెట్టుకుని అక్కడే చేస్తుంది. ఇల్లు కట్టకముందే ఇల్లు చూపించే పని కాబట్టి అందులో కాస్తో కూస్తో అబద్ధం ఉంటుంది. రోడ్డు కొంచెం వెడల్పు, చెట్లు కొంచెం పచ్చన. ఈ బొమ్మలో మాత్రం అబద్ధం ఒక్క పిసరు ఉండకూడదని తమ్ముడికి ముందే చెప్పింది.

---

డబ్బా గోడలు గీకి పల్చన చేసింది. ప్లాస్టిక్ షీటు సన్నటి పేలికలుగా కోసి, ఎముకల్లా అడ్డబద్దలు అంటించింది. తమ్ముడు ఫోన్లో పాత ఫొటోలు తీసి పెట్టేవాడు. పని చేసేటప్పుడు గుర్తు కోసం తీసుకున్నవి. వాటిలో లేనిది చేత్తో గాలిలో గీసి చూపించేవాడు.

"ఇక్కడొక పైపు. వంపు తిరిగి ఇలా వెనక్కి పోతుంది. దాని పక్కన ఇంకోటి, వేలంత సందు ఉంటుంది."

"నీ వేలా, నా వేలా?"

"గ్లోవ్సు వేసుకున్న నా వేలు."

అక్క అతని గ్లోవ్సు తెప్పించి తొడిగించి వేలు కొలిచింది. కరెంటు వైరు ఒలిచి లోపలి రాగి తీగలతో పైపులు చేసింది. పైపుల్ని పట్టి ఉంచే క్లిప్పులకి మందుబిళ్ళల అట్ట వెనకుండే వెండి కాగితం పనికొచ్చింది. కాలు ముడిచే మెరుపు కడ్డీకి ఇంజెక్షన్ సూది. బోల్టులు మాత్రం ప్రాణం తీశాయి. ఆరు పలకల సన్న కడ్డీని ఆవగింజల్లా కోసి, తడి పుల్ల మొనతో ఒక్కోటీ ఎత్తి అంటించాలి. ఒకటి ఎగిరి ఎక్కడో పడితే అక్కాతమ్ముళ్ళిద్దరూ నేల మీద పాకి వెతికారు. దొరకలేదు. "అసలు షెడ్డులో కూడా ఇంతే," అని తమ్ముడు నవ్వాడు. అంత కాలానికి అతను నవ్వగా చూసి అక్కకి ప్రాణం లేచొచ్చింది.

ఆ మధ్యాహ్నమే బుడ్డోడి భార్య వచ్చింది. రెడీమేడ్ బట్టల కొట్లో పొడుగైన ప్యాంట్లు మడిచి కుట్టే పని ఆ అమ్మాయిది. మెడలో కొలత టేపు తియ్యడం మర్చిపోయి అలాగే వచ్చేసింది.

"అన్నయ్యా, నువ్వేదో చేయిస్తున్నావని యూనియన్ పెద్దాయన చెప్పారు. చూడొచ్చా?"

తమ్ముడు లేచి కుర్చీ జరిపాడు. "కూర్చోమ్మా."

ఆమె కూర్చోలేదు. వంగి గూట్లోకి చాలాసేపు చూసింది. లోపల ఎంత ఇరుకో ఆమెకి ఇప్పుడే తెలిసినట్టుంది.

"ఆయన దీన్లో పట్టేవారా?"

"వాడొక్కడే పట్టేవాడు."

ఆమె తలూపింది. అక్క అప్పుడు లావుపాటి తీగకి దారం చుడుతోంది. రబ్బరు గొట్టాల మీద ఉండే అల్లికలా కనబడాలని. చుట్టు కింద చుట్టు జారిపోతోంది. ఆ అమ్మాయి ఒక నిమిషం చూసి, "ఇలా ఇవ్వండక్కా," అని అందుకుంది. దారం చివర పంటితో పట్టి, తీగని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తిప్పుతూ, యంత్రం చుట్టినట్టు చుట్టేసింది.

"ఆయన ఎత్తెంతో కావాలమ్మా," అంది అక్క. "వీడికి ఎడమవైపు పెట్టినట్టే, కుడివైపు ఆయన నిలబడ్డ చోట కన్ను ఎంత ఎత్తులో ఉండేదో గుర్తు పెట్టాలి."

"మేమిద్దరం ఒకే ఎత్తండి. ఫొటో తీసుకునేటప్పుడు ఆయన మునివేళ్ళ మీద నిలబడేవారు." ఆమె టేపు తీసి ఒక కొస కాలి కింద తొక్కిపెట్టి, రెండో కొస తన కంటి దాకా లాగి, అంకె చదివింది. టేపు చుట్టి ఈసారి సంచిలో పెట్టుకుంది.

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"అన్నయ్యా, అక్కడ్నుంచి ఎవరికీ కనబడదని నలుగురి ముందూ తేలిపోతే చాలు నాకు. ఇంకేమీ అక్కర్లేదు. ఎవరి మీదా కోపం పెట్టుకోకుండా బతకొచ్చు."

"తేలుతుందమ్మా," అన్నాడు తమ్ముడు. "తేల్చేస్తాను."

---

విచారణ ముందు రోజుకి గూడు పూర్తయింది. తమ్ముడు గుర్తు పట్టనిదంటూ అందులో ఏదీ లేదు. యూనియన్ పెద్దాయన వచ్చి, కళ్ళజోడు పైకీ కిందికీ జరిపి చూసి, అక్క వైపు దణ్ణం పెట్టినంత పని చేశాడు.

"రేపు రెండే మాటలు చెప్పు," అన్నాడు తమ్ముడితో. "నా చోటు నుంచి కనబడదు, వాడి చోటు నుంచీ కనబడదు. బొమ్మ చూపించు, నోరు మూసుకో. మహా అయితే కొన్నాళ్ళు పక్కన పెట్టి మళ్ళీ తీసుకుంటారు."

ఆయన్ని బస్సెక్కించడానికి తమ్ముడు వెంట వెళ్ళాడు. అక్క ఒక్కతే మిగిలింది. చెవిలో గుబిలి చూసుకునే బుల్లి కెమెరా ఒకటి కొన్నారు, పెన్సిలంత లావుంటుంది, అది చూసేది ఫోన్లో కనబడుతుంది. దాన్ని తమ్ముడి కంటి గుర్తు దగ్గర ఆనించింది. రేపు వాళ్ళ ముందు తడబడకూడదని, అంతే.

ఫోన్లో పైపులు కనబడ్డాయి. వాటి ముందు ఆ అమ్మాయి దారం చుట్టిన గొట్టం. గొట్టానికీ పైపుకీ మధ్య, బొమ్మ కొలతలో వేలంత సందు. ఆ సందులో, నల్లగా, గుండ్రంగా, పిన్ను కన్నం.

అక్క కెమెరా తీసి కొన తుడిచి మళ్ళీ పెట్టింది. కన్నం అక్కడే ఉంది. గుర్తు తప్పు పెట్టానేమోనని తమ్ముడి ఎత్తు మళ్ళీ లెక్కేసింది. తప్పు లేదు. గొట్టం తప్పు చోట అంటించానేమోనని ఫొటో పెద్దది చేసి చూసింది. క్లిప్పు దగ్గర్నుంచి అడ్డబద్ద దాకా అంతా సరిగ్గానే ఉంది. తన పని మీద తనకి అంత కోపం ఎప్పుడూ రాలేదు. కాస్త చేతకానిదాన్నైనా బాగుండేది కదా అనుకుంది.

షట్టర్ అవతల వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చెయ్యలేక తన్నుతున్నారు. అక్క పట్టకారు తీసుకుంది. గొట్టాన్ని మధ్యలో పట్టి వెంట్రుకవాసి ఇవతలికి వంచింది. కెమెరాలో చూసింది. సందు మూసుకుపోయింది.

తమ్ముడు వచ్చేసరికి చేతులు కడుక్కుని కూర్చుంది.

"చూద్దామా అక్కా ఒకసారి?"

"చూడు."

అతను కెమెరా పెట్టాడు. ఫోన్ వైపు చూసి, "అదీ! చెప్పానా?" అన్నాడు. వెలిగిపోయిన ఆ మొహం చూసి అక్క తల తిప్పేసుకుంది. అంతలో అతను ఫోన్ వదిలి గూట్లోకి వంగాడు.

"ఈ గొట్టం ఇలా రాదే. క్లిప్పు దాటాక ఇటు వంగదు."

"అంటించేటప్పుడు వంగిందేమో. ఉండనీ."

"వంగితే వాళ్ళు పట్టుకుంటారక్కా. విచారణకి కూర్చునే ముగ్గుర్లో ఒకాయన ఒకప్పుడు మెకానిక్కే. ఒక్కటి తప్పని తేలితే మొత్తం నమ్మరు." పట్టకారు పట్టుకుని గొట్టాన్ని సర్దాడు. ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి, ఒక్కసారికే చోటులో కూర్చోబెట్టింది. మళ్ళీ కెమెరా పెట్టాడు.

ఫోన్ వైపు చూస్తూ దాన్ని జరిపాడు. కెమెరా కొంచెం పైకి, కొంచెం కిందికి, పక్కకి. ఎటు జరిపినా కన్నం కంట్లో పడుతూనే ఉంది. చివరికి దాన్ని బల్ల మీద పెట్టి, రెండు అరచేతులూ ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"నువ్వే వంచావు."

అక్క పట్టకారు తీసి సొరుగులో పడేసింది.

"నేను చూశానక్కా," అన్నాడు, ఎవరో కాదన్నట్టు. "టార్చి వేశాను. వేసిన గుర్తుంది. వాడు ఏదో జోకేశాడు, అటు తిరిగాను... టార్చి వేశాను గదా, చూసేసినట్టే అనుకున్నాను. కనబడదన్నది ఎప్పుడొచ్చిందో తెలీదు. తర్వాతెప్పుడో. ఆస్పత్రి దగ్గర ఎవరో అడిగితే అన్నాను. అన్నాక అదే నిజమైపోయింది."

"ఒరే, రిబ్బన్నుంటే నువ్వు టార్చి వెయ్యక్కర్లేకుండానే కనబడేది. నిచ్చెనుంటే ఎక్కి చూసేవాడివి. వాళ్ళు చెయ్యాల్సింది చెయ్యకుండా నీ నెత్తినెందుకు? వెంట్రుకవాసిరా. నాకూ నీకూ తప్ప ఎవరికీ తెలీదు."

అతను బల్ల చుట్టూ నడిచి కుడివైపుకి వెళ్ళాడు. బుడ్డోడి కంటి గుర్తు దగ్గర కెమెరా పెట్టాడు. చక్రం తలుపు అడ్డం, దాని వెనక కాలు, దాని వెనక చీకటి. ఎంత జరిపినా అంతే.

"వాడికి కనబడదు," అన్నాడు. "వాడు నా మాట మీద ఎక్కాడు."

"రేపు ఉద్యోగం పోతే నీ పెళ్ళానికేం చెప్తావు?"

అతను కెమెరా తీసి పెట్టెలో పెట్టాడు. బొమ్మ మీద గుడ్డ కప్పి వెళ్ళిపోయాడు.

---

కంపెనీ ఆఫీసు మూడో అంతస్తులో, పొడుగాటి బల్లకి అవతల ముగ్గురు కూర్చున్నారు. బొమ్మ పట్టుకొచ్చింది కాబట్టి అక్కని లోపలికి రానిచ్చారు. బుడ్డోడి భార్య గోడ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. యూనియన్ పెద్దాయన గొంతు సవరించుకుంటున్నాడు.

మధ్యలో కూర్చున్నాయన బొమ్మలోకి వంగి చూసి, "ఎవరు చేశారిది?" అన్నాడు.

"నేనేనండి."

"భలే చేశారే! బోల్టులతో సహా." పక్కాయన్ని మోచేత్తో పొడిచి చూపించాడు. "చూడండి, ఇదిగో, క్లిప్పులు కూడా." ముగ్గురూ పిల్లల్లా కాసేపు చూశారు. తర్వాత మధ్యాయన కుర్చీలో వెనక్కి వాలాడు. "సరే. ఏం చెప్తావు?"

తమ్ముడు నిలబడ్డాడు. కెమెరా ఎడమవైపు పెట్టి ఫోన్ వాళ్ళ వైపు తిప్పాడు.

"ఇది నేను నిలబడ్డ చోటు. పిన్ను కన్నం కనబడుతోంది. చూసుంటే నాకు కనబడేది. నేను చూడలేదు."

యూనియన్ పెద్దాయన సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు. అక్క గోడ వైపు చూడలేక నేల వైపు చూసింది.

"ఇది వాడు నిలబడ్డ చోటు." కెమెరా కుడివైపుకి మారింది. "ఇక్కడ్నుంచి ఏం చేసినా కనబడదు. వాడు చూసుకోలేదనడం అన్యాయం. రిబ్బన్నుంటే ఇద్దరికీ కనబడేది. అది ఏడాదిగా లేదు."

ఎవరో పెన్ను మూత తీశారు. ముగ్గురూ తలలు దగ్గరపెట్టి గొణుక్కున్నారు.

"నువ్వు ఒప్పుకున్నది రాసుకున్నాం," అన్నాడు మధ్యాయన. "నిజాయితీగా చెప్పావు, మంచిది. ఈ బొమ్మ మాత్రం లెక్కలోకి రాదు. విమానం తయారుచేసినవాళ్ళ డ్రాయింగులు చూసి చేసింది కాదుగదా. ఫొటోలు చూసీ, గుర్తున్నది చెప్పీ చేసింది. దీన్ని బట్టి పోయినతని బాధ్యత లేదని మేం రాయలేం."

అక్కకి నోరాగలేదు. "బొమ్మ ఒకటే కదండీ! ఎడమవైపు నిజమైనప్పుడు కుడివైపు అబద్ధం ఎలా అవుతుంది?"

"ఎడమవైపుకి బొమ్మతో పనిలేదమ్మా," అన్నాడాయన, చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా. "ఆయనే ఒప్పుకున్నాడు."

రిబ్బన్ను గురించి ఎవరూ ఏమీ అనలేదు.

బయట మెట్ల దగ్గర యూనియన్ పెద్దాయన తమ్ముడి మీద విరుచుకుపడ్డాడు. "కొరివితో తల గోక్కున్నావు కదరా! వాడి మీద పడ్డది తీయించలేకపోయావు, నీ కొంప ముంచుకున్నావు. ఎవరికి ఒరిగింది?" అని చెయ్యి విదిలించి దిగి వెళ్ళిపోయాడు.

బుడ్డోడి భార్య అక్క దగ్గరికొచ్చింది. "ఒకసారి కింద పెట్టండి," అంది.

అక్క బొమ్మని కిటికీ గట్టు మీద పెట్టింది. ఆమె ముందు కుడివైపు వంగి, ఒక కన్ను మూసి చూసింది. కెమెరా అడగలేదు. చూసి తలూపింది. తర్వాత ఎడమవైపుకి వచ్చింది. అక్కడ ఎక్కువసేపు ఉండిపోయింది. మెట్లెక్కేవాళ్ళు దిగేవాళ్ళు ఆమెని తప్పుకుని వెళ్తున్నారు. తమ్ముడు రెండు మెట్లు కింద నిలబడి రెయిలింగు పట్టుకున్నాడు.

"చెల్లెమ్మా..."

ఆమె నిటారుగా లేచి, సంచి భుజానికి తగిలించుకుంది. "మీరు వెళ్ళండి," అంది. అతన్ని ఆమె మీరు అనడం అదే మొదటిసారి.

---

తమ్ముణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు. వేరే షెడ్డుల్లోనూ అడిగాడు. అప్పటికే కబురు అక్కడికి చేరింది. మరదలు పుట్టింటికి వెళ్ళింది, ఎప్పుడొస్తానన్నది చెప్పలేదు. అతను రోజూ పొద్దున్నే వచ్చి అక్క వెనక గదిలో కూర్చుని, కొత్త అపార్ట్‌మెంటు బొమ్మకి బాల్కనీ కటకటాలు కోస్తున్నాడు. బాగానే కోస్తాడు. కోసిన ప్రతిదాన్నీ వెలుతురుకి పెట్టి మళ్ళీ మళ్ళీ చూస్తాడు, వద్దన్నా మానడు.

ఒక సాయంత్రం బుడ్డోడి భార్య వచ్చింది. గుమ్మం దగ్గర తమ్ముడి చెప్పులున్నాయి. వాటిని చూసి, పక్కన కాకుండా కాస్త ఎడంగా తన చెప్పులు విడిచింది.

"ఆ బొమ్మ ఇస్తారా అక్కా?"

"నీకేనమ్మా. తీసుకో."

"మా మామయ్యకి చూపించాలి. ఆయన కంపెనీవాళ్ళ మాటే పట్టుకున్నాడు. 'వాడికి చిన్నప్పట్నుంచీ తొందరే, కళ్ళు నెత్తిన పెట్టుకుని తిరిగేవాడు' అని వచ్చినవాళ్ళకల్లా చెప్తాడు. కొడుకు పోయినందుకు సరిగ్గా ఏడవను కూడా లేదు, తిట్టడంతోనే సరిపోతోంది." ఆమె బొమ్మని తన వైపు తిప్పుకుంది. "కుడివైపు నుంచి ఒక్కసారి చూస్తే చాలు. అర్థమవుతుంది ఆయనకి."

"అవుతుంది."

"ఈ ఎడమవైపు మూసెయ్యగలరా?"

అక్క ఆమె మొహంలోకి చూసింది.

"అటు చూసినాయన ఇటు చూడకుండా ఉండడు. చూస్తే ఊరుకోడు, మీ తమ్ముడి మీదకి పోతాడు. ఆ గొడవ నేను పడలేను."

"నీకు వాడి మీద..."

"అడక్కండి," అంది ఆ అమ్మాయి. "చెప్పాలంటే నాకే తెలీదు."

పల్చటి షీట్లు వెనక గదిలో ఉంటాయి. అక్క లోపలికి వెళ్ళింది. కటకటాల పని ఆపి తమ్ముడు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మధ్యలో తలుపు లేదు, పరదాయే. అతను చెయ్యి చాచి షీట్ల కట్టలోంచి ఒకటి లాగి అందించాడు.

"కొంచెం పెద్దదిగానే కొయ్యి," అన్నాడు గొంతు తగ్గించి. "అంచులు తర్వాత అరగదీసుకోవచ్చు."

అక్క బల్ల దగ్గర కూర్చుని షీటు కోసింది. ఒకసారి ఆనించి చూసి, గూడు వంపుకి సరిపోయేదాకా ఆకురాయితో అంచులు రాసింది. వెలుతురు దూరే సందు ఎక్కడా మిగల్లేదు. జిగురు సన్నగా చుట్టూ పూసి, అంటించి, బొటనవేలితో నొక్కి పట్టింది. ఆ అమ్మాయి ఎదురుగా నిలబడి, అది ఆరేదాకా ఉంది.